నొప్పి లేదు, యూరిన్‌లో రక్తం ఒక్కరోజే పడి ఆగిపోయింది. అయినా సీటీ, సిస్టోస్కోపీ అవసరమా?

వాన_చినుకు (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారికి 63 ఏళ్లు. బీపీకి మాత్ర వేసుకుంటారు, షుగర్ లేదు. సిగరెట్లు బాగా కాల్చేవారు, మానేసి పదేళ్లు దాటింది. ఈమధ్య ఒకరోజు పొద్దున్నే యూరిన్ ముదురు ఎరుపులో వచ్చింది. నొప్పి, మంట, జ్వరం ఏమీ లేవు. మధ్యాహ్నానికి లేత గులాబీ రంగు, మర్నాటికి మామూలే. దగ్గర్లోని డాక్టర్ ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. యూరిన్ కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ నార్మల్, ప్రోస్టేట్ కొంచెం పెద్దది అని రాశారు. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.0, అదీ నార్మలే. హమ్మయ్య అనుకున్నాం.

అంతా అయిపోయిందనుకుంటే, ఆ రిపోర్టులు చూసిన యూరాలజిస్ట్ సీటీ యూరోగ్రామ్, సిస్టోస్కోపీ (మూత్రమార్గం గుండా సన్నటి గొట్టం పంపి బ్లాడర్, అంటే మూత్రాశయం, లోపల చూడటం) రెండూ చేయించమన్నారు. "ఆగిపోయిందిగా, ఇక దేనికి" అంటారు నాన్నగారు. అన్నయ్యదీ అదే మాట. క్యాన్సర్ అనే మాట డాక్టరూ అనలేదు, అడగడానికి నాకూ నోరు రాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇవి నిజంగా అవసరమేనా?

పాత_చెట్టు

కంగారు పడకండమ్మా. ప్రోస్టేట్ పెరిగితే రక్తం పడుతుంది, మా బాబాయికీ ఇలాగే అయింది. చిన్న రాయి ఉండి జారిపోయినా పడుతుంది. నీళ్లు బాగా తాగించండి. స్కానింగ్ నార్మల్ అని వచ్చాక కూడా లోపల గొట్టాలు పెట్టించుకోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు. ఈ రోజుల్లో టెస్టులు రాయడం ఎక్కువైపోయింది.

యూరో_రెసిడెంట్

వాన_చినుకు గారూ, నేను యూరాలజీలో పనిచేస్తాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయనకు ఏముందో చెప్పను. ఈ టెస్టులు ఎందుకు రాస్తామో మాత్రం చెప్తాను.

మీరు "నొప్పి లేదు" అన్నది ధైర్యం చెప్పుకోవడానికి అన్నట్టుంది. మేం మాత్రం ఆ మాట వింటే ఇంకాస్త జాగ్రత్త పడతాం. రాయి అయితే సాధారణంగా నడుములోంచి గజ్జలోకి మెలిపెట్టే నొప్పి వస్తుంది. ఇన్‌ఫెక్షన్ అయితే మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, ఒక్కోసారి చలిజ్వరం. ఏ బాధా లేకుండా, కంటికి కనిపించేంత రక్తం, అదీ వయసు దాటినవారిలో, పైగా సిగరెట్ అలవాటు ఉన్నవారిలో పడితే, క్యాన్సర్ లేదని తేలేదాకా వదలకూడదు. అంటే క్యాన్సర్ ఉందని కాదు. కంటికి కనిపించే రక్తంతో వచ్చినవాళ్లలో పదిమందికి ఒకరిలోనో ఇద్దరిలోనో అది బయటపడుతుంది. మిగతావాళ్లలో ప్రోస్టేటో, రాయో, ఇన్‌ఫెక్షనో, కొన్నిసార్లు ఏ కారణమూ దొరకకపోవడమో. మైక్రోస్కోప్‌లో మాత్రమే కనిపించే రక్తమైతే ఆ అవకాశం ఇంకా తక్కువ, నూటికి అయిదుగురికి లోపే.

ఇక ఆగిపోవడం. బ్లాడర్‌లోని గడ్డ ఎప్పుడూ కారుతూ ఉండదు. ఒకరోజు కారుతుంది, ఆగుతుంది, మళ్లీ మూడు నెలలకో ఆరు నెలలకో కారుతుంది. ఈ మధ్యలో యాంటీబయాటిక్ వేసుకుంటే రక్తం దానివల్లే ఆగిందనిపిస్తుంది. నేను చూసే ఆలస్యాల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

పాత_చెట్టు గారూ, ప్రోస్టేట్ వల్ల రక్తం పడటం నిజమే. కానీ ఆ మాట మిగతావన్నీ చూశాక చివర్లో అనాల్సింది. ప్రోస్టేట్ పెద్దదైన మనిషికి బ్లాడర్‌లో గడ్డ ఉండకూడదని లేదుగా. బ్రిటన్ మార్గదర్శకాల్లో అయితే 45 ఏళ్లు దాటినవారికి ఇన్‌ఫెక్షన్ లేకుండా కంటికి కనిపించే రక్తం పడితే, లేదా ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా పడితే, క్యాన్సర్ అనుమానం కింద త్వరగా స్పెషలిస్టుకు పంపాలని స్పష్టంగా ఉంది. "మళ్లీ వస్తే చూద్దాం" అని లేదు.

వాన_చినుకు

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. కానీ అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చిందిగా? గడ్డ ఉంటే అందులో తెలియదా?

గ్రే_స్కేల్

దీనికి నేను చెప్తాను, సీటీ గదిలోనే నా ఉద్యోగం.

అల్ట్రాసౌండ్ కిడ్నీ కండలో ఉన్న గడ్డల్ని, నీటి తిత్తుల్ని, కిడ్నీ ఉబ్బడాన్ని బాగానే చూపిస్తుంది. చిన్న గడ్డలు తప్పిపోవచ్చు. యూరెటర్, అంటే కిడ్నీ నుంచి బ్లాడర్‌కు దిగే సన్నటి నాళం, మధ్యభాగం పేగుల వెనక దాగి ఉంటుంది, అక్కడ దాదాపు ఏమీ కనబడదు. బ్లాడర్ నిండుగా లేకుండా చేస్తే లోపలి గోడ ముడతలుగా ఉండి చిన్న గడ్డ తెలియదు. మీ నాన్నగారి రిపోర్ట్‌లో బ్లాడర్ గురించి ఏం రాశారో ఒకసారి చూడండి. "సరిగా నిండలేదు" అని ఉంటే ఆ నార్మల్‌కు పెద్ద విలువ లేదు.

సీటీ యూరోగ్రామ్ అంటే మూడుసార్లు తీసే స్కాన్. మొదట మందు ఎక్కించకుండా, రాళ్ల కోసం. తర్వాత నరంలోకి కాంట్రాస్ట్, అంటే స్కాన్‌లో తెల్లగా కనిపించే మందు, ఎక్కించి నిమిషంన్నరకు కాస్త అటూఇటూగా, కిడ్నీ కండ మొత్తం సమానంగా వెలిగినప్పుడు. ఆ మందు మూత్రంలోకి దిగడానికి పది నిమిషాల దాకా ఆగి మళ్లీ ఒకసారి. ఆ మూడోసారి కిడ్నీ లోపల మూత్రం చేరే గిన్నెలు, యూరెటర్లు తెల్లగా నిండి కనిపిస్తాయి. ఆ తెలుపులో ఎక్కడైనా నల్లటి ఖాళీ ఉందంటే అక్కడేదో ఉంది. గడ్డ, రాయి, రక్తపు గడ్డ, ఏదైనా కావచ్చు. అందుకే మొదటి స్కాన్‌తో పోల్చి చూస్తారు.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడి పాకినట్టు ఉంటుంది, బట్టల్లోనే యూరిన్ పోయిందేమో అనిపిస్తుంది. పోదు. నాన్నగారికి ముందే చెప్పండి, చెప్పకపోతే చాలామంది హడలిపోతారు. కాంట్రాస్ట్ పడకపోవడం గతంలో ఎప్పుడైనా జరిగి ఉంటే ముందే చెప్పాలి.

పాత_చెట్టు

సీటీలో అంత బాగా కనిపిస్తే ఇక సిస్టోస్కోపీ దేనికండీ? నాది విమర్శ కాదు, నిజంగానే అడుగుతున్నా.

యూరో_రెసిడెంట్

మంచి ప్రశ్న. సీటీ పై భాగానికి బలం, బ్లాడర్‌కు అంత కాదు. గోడకు అంటుకుని చదునుగా ఉండే రకం ఒకటుంది, కార్సినోమా ఇన్ సిటు అంటాం. దానికి గడ్డలా ఎత్తు ఉండదు, సీటీలో ఏమీ తెలియదు. కంటితో చూస్తే ఎర్రటి మచ్చలా ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మూత్రనాళాల పొరలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువ శాతం బ్లాడర్‌లోవే. కిడ్నీ గిన్నెల్లో, యూరెటర్‌లో వచ్చేవి అయిదు నుంచి పది శాతం మాత్రమే. అలాంటప్పుడు బ్లాడర్‌ను చూడకుండా పైన మాత్రమే చూసి వదిలేయలేం కదా.

కిడ్నీ కండలో పుట్టేది మళ్లీ వేరే జాతి, రీనల్ సెల్ కార్సినోమా. కిడ్నీ క్యాన్సర్లలో అధికశాతం అదే. కిడ్నీ గిన్నె పొరలో పుట్టేది బ్లాడర్ క్యాన్సర్‌కు చుట్టం, దాని వైద్యం వేరు. అందుకే "కిడ్నీలో గడ్డ" అని ఎవరైనా అంటే, కండలోనా, గిన్నెలోనా అని అడగాలి.

మళ్లీ_ఉదయం

నాకు బ్లాడర్ క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు బాగున్నాను. మీ నాన్నగారు భయపడుతున్నది సీటీకి కాదు, సిస్టోస్కోపీకి అని నా అనుమానం. మగవాళ్లం పైకి చెప్పం.

ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు రాస్తాను, ఆయనకు చదివి వినిపించండి. మత్తు ఇవ్వలేదు. పడుకోబెట్టి, శుభ్రం చేసి, మూత్రమార్గంలోకి చల్లటి జెల్ ఎక్కించారు. అది మొద్దుబారడానికి కాసేపు ఆగారు. తర్వాత సన్నటి, వంగే గొట్టం. ప్రోస్టేట్ దగ్గరకు వచ్చినప్పుడు "యూరిన్ పోస్తున్నట్టు వదలండి" అన్నారు. అలా వదిలిన ఆ ఒక్క క్షణమే ఇబ్బంది, చురుక్కుమంది. లోపలికి వెళ్లాక నీళ్లు నింపుతారు, అర్జెంటుగా వెళ్లాలనిపిస్తుంది. మొత్తం కొద్ది నిమిషాలే. పక్కన స్క్రీన్ ఉంది, నేనూ చూశాను. లేత గులాబీ గోడ, సన్నటి రక్తనాళాలు, రెండు వైపులా చిన్న చీలికలు. వాటిలోంచి మూత్రం చిమ్మడం కూడా కనిపించింది. ఎడమ చీలికకు కాస్త పైన నీళ్లలో నాచులా ఊగుతున్న చిన్న మొలక. డాక్టర్ ఏమీ అనకముందే నాకు అర్థమైంది.

తర్వాత ఒకటి రెండు రోజులు మంట, కొంచెం గులాబీ రంగు. జ్వరం వస్తే, యూరిన్ పూర్తిగా ఆగిపోతే, గడ్డలు గడ్డలుగా రక్తం పడితే వెంటనే రమ్మన్నారు. నాకు అవేమీ రాలేదు.

నిజం చెప్పాలంటే, ఆ రోజుకంటే ముందు వారం ఊహల్లో పడిన బాధే పెద్దది.

రాగి_చెంబు

ఆడవాళ్ల సంగతి కూడా ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నా.

నాకు మంట, గంటగంటకూ వెళ్లాల్సి రావడం, అప్పుడప్పుడు చివర్లో రెండు చుక్కల రక్తం. వెళ్లిన ప్రతిసారీ "యూటీఐ" (మూత్రంలో ఇన్‌ఫెక్షన్) అని యాంటీబయాటిక్. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి. కల్చర్ పంపిన రెండుసార్లూ ఏమీ పెరగలేదు. "మీరు ముందే మందు వేసుకుని ఉంటారు, అందుకే పెరగలేదు" అన్నారు. రక్తం గురించి అడిగితే "నెలసరి ఆగే వయసు కదమ్మా" అన్నారు. నెలసరి రక్తానికీ యూరిన్ రక్తానికీ తేడా తెలియనిదాన్నా నేను? ఏడాది దాకా ఇదే తంతు. చివరికి వేరేచోట ఒక లేడీ డాక్టర్ కల్చర్ రిపోర్టులన్నీ వరసగా పేర్చి చూసి, "క్రిమి లేని ఇన్‌ఫెక్షన్ ఇన్నిసార్లు ఎలా వస్తుంది" అని ఆవిడే యూరాలజీకి రాశారు. యూరో_రెసిడెంట్ గారు పైన చెప్పిన చదునైన రకమే నాది.

ఆ మొదటి చోటి మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాల్సిన అవసరం కూడా లేదనుకుంటున్నా.

యూరో_రెసిడెంట్

రాగి_చెంబు గారూ, మీ కోపం న్యాయమైనదే. ఆడవారిలో బ్లాడర్ క్యాన్సర్ తక్కువమందికి వస్తుంది. కానీ వచ్చినవారిలో ఆలస్యంగా బయటపడటం ఎక్కువ, సరిగ్గా మీరు చెప్పిన కారణం వల్లే. మంట, తరచు వెళ్లడం, కల్చర్‌లో ఏమీ పెరగకపోవడం, యూరిన్‌లో మాత్రం చీము కణాలో రక్త కణాలో ఉండటం. ఈ నాలుగూ కలిస్తే రెండు అనుమానాలు రావాలి. ఒకటి కార్సినోమా ఇన్ సిటు, రెండోది మూత్రనాళాల టీబీ. మామూలు కల్చర్‌లో టీబీ క్రిమి పెరగదు, దానికి వేరే పరీక్ష అడగాలి.

పాథాలజీ_బల్ల

యూరిన్ శాంపిల్ విషయంలో ల్యాబ్ వైపు నుంచి కొన్ని.

స్ట్రిప్ ముంచి "బ్లడ్ పాజిటివ్" అని వస్తే అది రక్తకణాలే అని కాదు. కండరాలు దెబ్బతిన్నప్పుడు వచ్చే మయోగ్లోబిన్‌కూ, పగిలిన రక్తకణాల హిమోగ్లోబిన్‌కూ అదే రంగు వస్తుంది. కాబట్టి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టాలి. హై పవర్ ఫీల్డ్‌కు 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్రకణాలు ఉంటేనే హెమటూరియా, అంటే యూరిన్‌లో రక్తం, అంటాం. ఎర్రగా ఉన్నంతమాత్రాన రక్తమనీ కాదు. బీట్‌రూట్, టీబీకి వాడే రిఫాంపిసిన్, మంటకు ఇచ్చే కొన్ని మాత్రలు రంగు మారుస్తాయి. వాటిలో ఎర్రకణాలు ఉండవు. కణాల ఆకారం చెడి ఉన్నా, ప్రోటీన్ బాగా పోతున్నా అది కిడ్నీ వడపోత జబ్బు కావచ్చు, అది నెఫ్రాలజిస్ట్ చూడాల్సిన దారి.

సైటాలజీ అని ఇంకో పరీక్ష రాస్తారు, యూరిన్‌లో రాలిన కణాలు చూడటం. దీనికి పొద్దున లేవగానే పట్టిన మొదటి యూరిన్ తేకండి. రాత్రంతా బ్లాడర్‌లో నానిన కణాలు పాడైపోయి ఉంటాయి. ఆ తర్వాత పట్టినది, తాజాగా ఇవ్వండి. దాని బలం, బలహీనత రెండూ తెలుసుకోవాలి. దూకుడుగా పెరిగే హై గ్రేడ్ కణాల్ని బాగా పట్టుకుంటుంది. లో గ్రేడ్ కణాలు మామూలు కణాల్లాగే ఉంటాయి, ఎక్కువగా దొరకవు. కాబట్టి "సైటాలజీ నెగటివ్, ఇక సిస్టోస్కోపీ వద్దు" అనే లెక్క కుదరదు.

సగం_నిద్ర

అడ్డొస్తున్నందుకు క్షమించండి, నాది కిడ్నీ ప్రశ్న. గ్యాస్ నొప్పికి స్కాన్ చేస్తే కుడి కిడ్నీలో సిస్ట్ అన్నారు. సీటీలో "బోస్నియాక్ 2ఎఫ్" అని రాశారు. ఇది క్యాన్సర్ స్టేజా? స్టేజ్ 2 అనుకుని రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గ్రే_స్కేల్

స్టేజ్ కాదండీ, కాదు! ఇంట్లో చెప్పేయండి.

మోర్టన్ బోస్నియాక్ అనే రేడియాలజిస్ట్ 1986లో కిడ్నీ సిస్టులకు పెట్టిన వర్గీకరణ అది, 2019లో సవరించారు. 1, 2 అంటే భయం లేనివి. 2ఎఫ్ అంటే "ఇప్పుడు తీయక్కర్లేదు, కానీ స్కాన్లతో గమనిస్తూ ఉండాలి". వీటిలో చాలావాటికి ఎప్పటికీ ఏమీ కాదు. 3 అయితే దాదాపు సగం క్యాన్సర్ కావచ్చు. 4లో లోపల మందు పట్టుకునే గట్టి కండ కనిపిస్తుంది, దాదాపు తొంభై శాతం క్యాన్సరే. మీరు చేయాల్సిందల్లా చెప్పిన గడువుకు మళ్లీ స్కాన్ చేయించుకోవడం, పాత సీడీ వెంట తీసుకెళ్లడం. కాగితం మాత్రమే తెస్తే మాకు పోల్చడానికి ఏమీ ఉండదు.

సగం_నిద్ర

బతికించారు. మరి గట్టి గడ్డ అయితే సీటీలోనే క్యాన్సర్ అని తేలిపోతుందా? బయాప్సీ అక్కర్లేదా? బయాప్సీ చేస్తే పాకుతుందంటారు కదా?

యూరో_రెసిడెంట్

మందు ఎక్కించకముందు, ఎక్కించాక గడ్డ సాంద్రత కొలుస్తారు. 20 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు (సీటీలో సాంద్రత కొలిచే కొలత) మించి పెరిగితే దానికి రక్తప్రసరణ ఉన్నట్టు, అంటే అది సజీవమైన కండ. అలాంటి గట్టి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరే. కానీ 4 సెం.మీ. లోపు గడ్డల్లో దాదాపు అయిదింట ఒకటి ప్రమాదం లేనిదని తేలుతుంది. వాటిలో యాంజియోమయోలిపోమా అనే రకమైతే అందులోని కొవ్వు సీటీలో చాలాసార్లు కనిపిస్తుంది, తేలిగ్గా తేల్చేస్తాం. ఆంకోసైటోమా అనే ఇంకో ప్రమాదం లేని రకం మాత్రం అచ్చం క్యాన్సర్‌లాగే కనిపించి సర్జన్‌ను ఏమారుస్తుంది.

బయాప్సీ ఎప్పుడంటే, ఫలితం వల్ల వైద్యం మారేటప్పుడు. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) కావచ్చనో, వేరే చోటి క్యాన్సర్ కిడ్నీకి వచ్చిందేమోననో అనుమానం ఉన్నప్పుడు, గడ్డను కాల్చే చికిత్సకు ముందు, అప్పటికే పాకిన జబ్బుకు మందులు మొదలుపెట్టే ముందు. పెద్ద వయసువాళ్లలో చిన్న గడ్డను ఆపరేషన్ లేకుండా గమనించాలా అని తేల్చుకోవడానికీ చేస్తాం. ఎలాగూ తీసేయాల్సిన గడ్డకు చాలాసార్లు నేరుగా ఆపరేషనే, తీసిన గడ్డే బయాప్సీ. కిడ్నీ కండలోని గడ్డకు సూది వల్ల పాకడం చాలా అరుదు. గిన్నెలోనో యూరెటర్‌లోనో ఉన్న గడ్డకు మాత్రం బయటినుంచి సూది గుచ్చడం మానుకుంటాం, అక్కడ ఆ భయం నిజమైనదే. కిందినుంచి సన్నటి యూరెటరోస్కోప్ పంపి ముక్క తీస్తాం.

తూనీగ

మా ఆయనకు యూరిన్‌లో రక్తం ఒక్క చుక్క కూడా పడలేదు. సాయంత్రమయ్యేసరికి సన్నటి జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత, ఒంట్లో వాపు జబ్బును సూచించే ఈఎస్ఆర్ రక్తపరీక్ష వందకు దగ్గర. టీబీ అని వెతికారు, టైఫాయిడ్ అని వెతికారు. చివరికి కడుపు స్కాన్‌లో ఎడమ కిడ్నీ పైభాగంలో 8 సెం.మీ. గడ్డ. క్రియాటినిన్ పూర్తిగా నార్మల్! కిడ్నీలో అంత గడ్డ ఉంటే రక్తపరీక్షలో తెలియదా అని నేను ఇప్పటికీ అందరినీ అడుగుతుంటాను.

యూరో_రెసిడెంట్

తెలియదండీ. రెండో కిడ్నీ పని లాగేస్తుంది, క్రియాటినిన్ కదలదు. కిడ్నీ క్యాన్సర్‌ను పట్టే ప్రత్యేకమైన రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు కూడా.

పుస్తకాల్లో రక్తం, పక్కటెముకల కింద నొప్పి, చేతికి తగిలే గడ్డ అని మూడు లక్షణాలు చదువుకుంటాం. మూడూ కలిసి వచ్చేవాళ్లు పదిశాతానికి లోపే, అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. ఇవాళ కిడ్నీ గడ్డల్లో సగానికి పైగా ఇంకెందుకో తీసిన స్కాన్‌లో బయటపడేవే. ఇంకో రకం, మీ ఆయనకు వచ్చినట్టు, వేషం మార్చుకుని వచ్చేవి. ఈ గడ్డ రకరకాల హార్మోన్లు, రసాయనాలు వదులుతుంది. కొందరిలో క్యాల్షియం పెరిగి మలబద్ధకం, మగత. కొందరిలో రెనిన్ అనే హార్మోన్ వల్ల కొత్తగా బీపీ. రక్తహీనత ఎక్కువమందిలో చూస్తాం, అరుదుగా ఎర్రకణాల్ని పెంచే ఎరిత్రోపోయెటిన్ ఎక్కువై హిమోగ్లోబిన్ ఉండాల్సినదానికంటే పెరిగిపోతుంది. లివర్‌కు పాకకుండానే లివర్ పరీక్షలు చెడి, కిడ్నీ తీశాక సర్దుకోవడం కూడా ఉంది, స్టాఫర్ సిండ్రోమ్ అంటారు.

మగవారికి ఇంకొకటి. వృషణాల పైన సిరలు ఉబ్బడం, వేరికోసీల్, యువకుల్లో మామూలే. అదే నడివయసు దాటాక కొత్తగా వచ్చి, పడుకున్నా తగ్గకపోతే కిడ్నీలు స్కాన్ చేయాలి. ఎడమ వృషణ సిర నేరుగా ఎడమ కిడ్నీ సిరలో కలుస్తుంది, అక్కడ గడ్డ అడ్డుపడితే రక్తం వెనక్కి నిలుస్తుంది. కుడివైపు మాత్రమే వస్తే అనుమానం ఇంకా ఎక్కువ.

చిట్టి_అడుగులు

చిన్నపిల్లలకు కూడా వస్తుందా?

యూరో_రెసిడెంట్

వస్తుంది, అది వేరే రకం. విల్మ్స్ ట్యూమర్, ఎక్కువగా అయిదేళ్ల లోపు. స్నానం చేయిస్తూనో బట్టలు వేస్తూనో అమ్మే ముందు కనిపెడుతుంది, పొట్ట ఒకవైపు గట్టిగా ఉందని. అలా అనిపిస్తే అందరూ మాటిమాటికీ నొక్కి చూడకుండా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. వైద్యానికి బాగా లొంగే జబ్బు.

మూలిక_మార్గం

[ఈ పోస్టును నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు

కిడ్నీ గడ్డల్ని కరిగించే మూలికల ప్రకటన తొలగించాం. మళ్లీ పెడితే సభ్యత్వం రద్దు. ప్రకటనలు వద్దన్న నియమం ఒకటైతే, ఈ అంశంలో ఇంకో కారణం ఉంది. అరిస్టోలోకియా జాతి మొక్కల్లో ఉండే ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, యూరెటర్ క్యాన్సర్‌కూ కారణం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మందు వాడిన మహిళలకు కిడ్నీలు చెడిపోయాయి, తర్వాత వారిలో పలువురికి ఈ క్యాన్సర్లు వచ్చాయి. ఏ పొడి వాడుతున్నా మీ డాక్టర్‌కు చెప్పండి.

పాత_చెట్టు

నేను నలభై ఏళ్లు రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇదంతా చదువుతుంటే నాకే అనుమానం మొదలైంది. దానికీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమా?

యూరో_రెసిడెంట్

ఉంది. 1895లోనే లుడ్విగ్ రేన్ అనే జర్మన్ సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో బ్లాడర్ గడ్డలు వస్తున్నాయని రాశాడు. అరోమాటిక్ అమైన్స్ అనే రసాయనాలు కారణం. రబ్బరు, రంగులు, తోలు పనుల్లో పాతరోజుల్లో బాగా తగిలేవి. ఇరవై ఏళ్లు దాటాక కూడా జబ్బు బయటపడొచ్చు కాబట్టి రిటైరయ్యాం కదా అని తీసేయలేం. సిగరెట్ పొగలోనూ ఇవే ఉంటాయి. బ్లాడర్ క్యాన్సర్లలో సుమారు సగానికి సిగరెట్టే కారణం. కిడ్నీకి సిగరెట్‌తోపాటు ఊబకాయం, బీపీ. ఇంట్లో పలువురికి చిన్న వయసులో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు ఉంటే అదీ చెప్పాలి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపంలో యూరెటర్ క్యాన్సర్ కూడా వస్తుంది.

మీకు లక్షణాలు లేకపోతే కంగారు వద్దు. ఒక యూరిన్ మైక్రోస్కోపీ చేయించుకుని, చేసిన పని గురించి డాక్టర్‌కు చెప్పండి. చాలామంది షుగర్, బీపీ చెప్తారు, చేసిన ఉద్యోగం చెప్పరు.

వాన_చినుకు

అప్‌డేట్. మళ్లీ_ఉదయం గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, రాత్రి ఆయనే ఫోన్ అడిగి ఇంకోసారి చదువుకున్నారు. రెండు పరీక్షలూ అయ్యాయి. సీటీలో కిడ్నీలు, యూరెటర్లు బాగున్నాయి. సిస్టోస్కోపీలో బ్లాడర్ కుడిగోడ మీద సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల మొలక. టీయూఆర్‌బీటీ చేయాలన్నారు. నాన్నగారు నాకంటే ధైర్యంగా ఉన్నారు. ఆపరేషన్ ముందు ఏం అడగాలి?

యూరో_రెసిడెంట్

టీయూఆర్‌బీటీ అంటే బ్లాడర్ గడ్డను మత్తు ఇచ్చి, కోత లేకుండా మూత్రమార్గం ద్వారానే గీకి తీస్తారు. వైద్యమూ అదే, నిర్ధారణా అదే. అడగాల్సినవి చెప్తాను. తీసిన ముక్కలో కండరం పొర వచ్చిందా అన్నది ముఖ్యం. గడ్డ పైపొరలోనే ఉంటే టీఏ, కింది పొరలోకి దిగితే టీ1, కండరంలోకి వెళ్తే టీ2. వైద్యం మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. ముక్కలో కండరమే లేకపోతే అందులోకి వెళ్లలేదని ఎవరు చెప్పగలరు? టీ1 అయినా, చిన్న పైపొర గడ్డ కానప్పుడు కండరం రాకపోయినా, కొన్ని వారాల్లో మళ్లీ ఒకసారి గీకుతారు. జబ్బు పెరిగిందని కాదు, మిగిలిందేమో చూడటానికి. ఆపరేషన్ అయ్యాక 24 గంటల్లోపు బ్లాడర్‌లోకి ఒక్క డోసు కీమో మందు నింపే పద్ధతి ఉంది, తిరిగి రావడం తగ్గుతుంది. ఆయనకు అది తగునా అని అడగండి.

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారా? వాడుతుంటే వాళ్లకు చెప్పండి, మీకై మీరు ఆపకండి. ఆ మాత్రల వల్లే రక్తం పడిందిలే అని పరీక్షలు మానేయడం కూడా పొరపాటే. మాత్రలు వాడేవారికీ అవే పరీక్షలు.

పాథాలజీ_బల్ల

రిపోర్ట్ వచ్చాక మూడు మాటలు వెతకండి. లో గ్రేడా హై గ్రేడా, లామినా ప్రోప్రియా (పైపొర కింది పొర)లోకి వెళ్లిందా, డిట్రూసర్ మజిల్ (బ్లాడర్ కండరం) ఉందా. కిడ్నీ గడ్డ రిపోర్టులో గ్రేడ్ 1 నుంచి 4 దాకా ఉంటుంది. గ్రేడ్ అంటే కణాలు ఎంత చెడ్డగా కనిపిస్తున్నాయన్నది, స్టేజ్ అంటే ఎంతదాకా వెళ్లిందన్నది. గ్రేడ్ 3 చూసి స్టేజ్ 3 అనుకుని ఏడ్చినవాళ్లను చూశాను.

తూనీగ

పెట్ స్కాన్ కూడా చేయించండి, ఒకేసారి అంతా తెలిసిపోతుంది.

గ్రే_స్కేల్

ఇక్కడ అలా కాదండీ. మామూలు పెట్‌లో వాడే చక్కెర మందు మూత్రంలోనే బయటికి పోతుంది, బ్లాడర్ మొత్తం వెలిగిపోయి గడ్డ అందులో మునిగిపోతుంది. కిడ్నీ గడ్డలు కొన్ని అసలు ఆ మందును సరిగా తీసుకోవు. కిడ్నీ గడ్డకు ఛాతీ సీటీ చూస్తాం, ఎందుకంటే ఊపిరితిత్తులకు పాకడం ఎక్కువ. ఎముకల నొప్పి ఉంటేనో, రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితేనో బోన్ స్కాన్.

వాన_చినుకు

రిపోర్ట్ వచ్చింది. టీఏ, లో గ్రేడ్, డిట్రూసర్ మజిల్ ఉంది, అందులో గడ్డ లేదు. మూడో నెలలో మళ్లీ సిస్టోస్కోపీ అన్నారు. అన్నయ్య అడుగుతున్నాడు, అంతా తీసేశాక మళ్లీ దేనికని.

మళ్లీ_ఉదయం

ఇది తిరిగి మొలిచే రకం అని అన్నయ్యకు చెప్పండి. ప్రాణం మీదకు రావడం తక్కువ, మళ్లీ మళ్లీ రావడం ఎక్కువ. నాకూ ఒకసారి వచ్చింది, చిన్నగా ఉన్నప్పుడే కాల్చేశారు.

యూరో_రెసిడెంట్

మంచి వార్త. ఇలాంటి తక్కువ ప్రమాదం ఉన్న రకానికి సాధారణంగా మూడో నెలలో ఒకసారి, అది బాగుంటే మరో తొమ్మిది నెలలకు, తర్వాత అయిదేళ్ల దాకా ఏడాదికోసారి చూస్తారు. మీ డాక్టర్ ఇచ్చిన తేదీలు ఇప్పుడే ఫోన్‌లో పెట్టేయండి. మధ్యలో రక్తం కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా వెళ్లండి. సిగరెట్ మళ్లీ ముట్టుకోవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి.

పాత_చెట్టు

నా యూరిన్ మైక్రోస్కోపీ వచ్చింది. ఎర్రకణాలు ఫీల్డ్‌కు 6 నుంచి 8. నొప్పి, మంట ఏమీ లేవు. ఏం చేయమంటారు?

యూరో_రెసిడెంట్

మీ వయసు, చేసిన పని రెండూ ఉన్నాయి కాబట్టి ఆలస్యం చేయకండి. కల్చర్ చేయించి, ఈ రిపోర్ట్‌తో ఈ వారమే యూరాలజిస్ట్‌ను కలవండి. వెళ్లినప్పుడు ఫ్యాక్టరీలో మీరు ఏ విభాగంలో చేశారో, ఏ రంగులు, ఏ రసాయనాలు ముట్టుకునేవారో గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకుని వెళ్లండి.